పందిరి మట్టలే పెళ్లివారి ఆటలు

అంబాజీపేట: పెళ్లి పందిరి వేసిన మర్నాడు పెరట్లోకి తొంగి చూస్తే కొబ్బరి మట్టలు, వెదురు ముక్కలు, తాడు కొసలు గుట్టగా పడి ఉంటాయి. వంటశాల వెనక కొబ్బరి చిప్పలు కుప్పగా ఉంటాయి. పెళ్లి కాగానే ఇవన్నీ పొయ్యిలోకి పోవలసినవే. పోయేలోగా ఒక్క పూట పిల్లల చేతికిస్తే పెళ్లింటికి కావలసిన ఆటలన్నీ వాటిలోంచే వస్తాయి.

అయిదు రోజుల పెళ్లిళ్ల కాలంలో ఆట లేనిదే పెళ్లివారికి పొద్దు గడిచేది కాదు. ఎన్నడూ ముఖముఖాలు చూసుకోని రెండు కుటుంబాలవారు ఆ ఆటల్లోనే బావా అంటే బావా అనుకునేవారు. పెళ్లి ఒక్క రాత్రికి కుదించుకుపోయి, అద్దె హాలుకు చేరాక ఆ తీరిక పోయింది, ఆడుకునే వాకిలీ పోయింది. ఇప్పుడు ఇంటి ముందో, కొబ్బరితోటలోనో పందిరి వేసి పెళ్లి చేద్దామనుకునేవారు ఉన్నారు. వాకిలి తిరిగి వచ్చినప్పుడు ఆటలు మాత్రం ఎందుకు రాకూడదు?

ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటుంది. సాయంత్రమే దిగిన పెళ్లివారు అంతసేపూ ఏం చేయాలి? పిల్లలు ఫోన్లలో తల దూరుస్తారు. మగవాళ్లు కొందరు డాబా మీద పేక ముక్కలు పరుస్తారు. సరదాగా మొదలైన పేకాట డబ్బుల దాకా పోతే పెళ్లింట ఏమవుతుందో పల్లెలో తెలియనివారు లేరు. జూదాన్ని అరికట్టే 1974 నాటి గేమింగ్ చట్టం ఉండనే ఉంది. పొద్దు గడవాలి, గొడవ రాకూడదు అంటే పాత ఆటలే మేలు.

7 కాయలు, 14 గుంటలు

వామనగుంటల పీట కోసం వడ్రంగి దగ్గరకు పోనక్కరలేదు. 7 కొబ్బరికాయలు కొడితే 14 చిప్పలు. వాటిని ఇసుకలో వరుసకు 7 చొప్పున రెండు వరుసలుగా, అంచు వరకు నొక్కి పెడితే గుంటలు సిద్ధం. గుంటకు 5 చొప్పున చింతపిక్కలు పోస్తే 70 పిక్కలు చాలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట తగిలితే దాన్ని తుడిచి ఆ పక్క గుంటలోవి గెలుచుకోవడం ముసలమ్మలకు చెప్పనక్కరలేదు. మనవరాళ్లకు నేర్పించేది వారే.

అష్టాచెమ్మాకు ముగ్గుపిండితో అయిదేసి గళ్లు అయిదు వరుసలు గీస్తే చాలు. నాలుగు వైపులా మధ్య గడికి, నట్టనడిమి గడికి అడ్డగీతలు కొట్టాలి. గవ్వలు లేకపోతే 4 చింతపిక్కలను ఒక పక్క తెల్లబడేదాకా గరుకు బండ మీద అరగదీయాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే 8.

3 పులులు, 15 మేకలు

పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కి ఉండే పులిజూదం పెద్దవారికి తగిన ఆట. పేరులో జూదం ఉన్నా పైసా పెట్టనక్కరలేదు. పీట మీద బొగ్గుతో 23 కూడళ్లు వచ్చేలా గీతలు గీయాలి. 3 వక్కలు పులులు, 15 చింతపిక్కలు మేకలు. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకలన్నీ కలిసి మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే గెలుపు మేకలదే. మగపెళ్లివారి పెద్ద పులులు పట్టి, ఆడపెళ్లివారి పెద్ద మేకలు పడితే చుట్టూ చేరి సలహాలిచ్చేవారికి కొదవుండదు.

మట్ట బ్యాటు, గుడ్డ బంతి

కుర్రవాళ్లకు కొబ్బరి మట్ట మొదలే బ్యాటు. రెండు మూరల ముక్క కోసి, సన్నని వైపు చేతికి పట్టేలా చెక్కి, పీచు తాడు చుట్టాలి. అంచులు కోసుకోకుండా నున్నగా గీయడం మరువరాదు. పాత గుడ్డలు ఉండ చేసి తాడుతో బిగిస్తే బంతి. అదే బంతితో ఏడు పెంకులాట కూడా ఆడవచ్చు.

చిన్నపిల్లలకు తాడు చుట్టలాట బాగుంటుంది. అరటి బోదెను మూరెడు ముక్కలుగా కోసి మూడు చోట్ల నిలబెట్టాలి. తాడుతో బోదె కంటే నాలుగు వేళ్లు వెడల్పుగా చుట్టలు కట్టి, అయిదారు అడుగుల దూరం నుంచి విసరమనాలి. పడితే అరటిపండు బహుమానం.

ఒకటి రెండు జాగ్రత్తలు తప్పవు. తోటలో పందిరి వేసేవారు ముందుగా కాయలు, ఎండు మట్టలు దింపించాలి. కర్రా బిళ్లను పందిరి దగ్గరకు రానివ్వరాదు. బిళ్ల ఎగిరి ఎవరి కంటికి తగులుతుందో తెలియదు.

పూబంతి, వసంతం

వధూవరుల పూబంతికీ గుడ్డ ఉండే ఆధారం. దాని చుట్టూ బంతిపూలు దట్టంగా కుడితే ఎన్నిసార్లు విసిరినా విడిపోదు. బిందెలో ఉంగరం వేసేటప్పుడు నీళ్లలో చిటికెడు పసుపు కలిపితే ఉంగరం కనబడక ఆట రక్తి కడుతుంది. వసంతాలకు బజారు రంగులెందుకు? పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపితే ఎర్రబారుతుంది. సున్నం ఎక్కువైతే కళ్లు మండుతాయి గనుక ఆ నీళ్లు ముఖాన చల్లరాదు.

జట్లు కలిపి కట్టాలి

అన్నిటికంటే ముఖ్యమైనది జట్లు కట్టడం. ఆడపెళ్లివారంతా ఒకవైపు, మగపెళ్లివారంతా మరొకవైపు నిలబడితే ఓటమి కాస్తా మాట పట్టింపు అవుతుంది. మర్యాదలు సరిగా జరగలేదన్న సణుగుడుకు అది తోడవుతుంది. అందుకే ప్రతి జట్టులో ఇటువారు ఇద్దరు, అటువారు ఇద్దరు ఉండేలా చూడాలి. ఓడిన జట్టు ఒక పొడుపు కథ విప్పాలన్నదే శిక్ష. పేర్లు తెలియందే ఆట సాగదు గనుక అడిగి మరీ తెలుసుకుంటారు.

తెల్లవారి పందిరి విప్పేవేళకు మట్టలు, చిప్పలు ఎలాగూ పొయ్యిలోకి పోతాయి. రాత్రి ఒకే జట్టులో ఆడినవారు మాత్రం వాకిట్లో నిలబడి, మళ్లీ ఎప్పుడొస్తారని ఒకరినొకరు అడుగుతారు.