తామర మందు – చర్మప్రవేశము

వర్షకాలమున తడిబట్టలతో పొలము పనులు చేయువారికి తామర సోకుట సామాన్యము. మందు వ్రాసినను తగ్గలేదని పలువురు వాపోవుచుందురు. శిలీంధ్రమును చంపు శక్తి మందునకుండినంత మాత్రమున చాలదు. అది శిలీంధ్రమున్న తావునకు చేరవలెను. ఆ చేరుటలోని చిక్కును, శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయములను ఇచ్చట వివరించుచున్నాము.

తామర శిలీంధ్రము చర్మముపైనున్న మృతకణముల పొరలో నివసించును. ఈ పొర మందము సాధారణముగా మిల్లీమీటరులో నూరవ వంతు, లేదా అంతకు కొంచె మెక్కువ. అయినను ఇది గట్టి గోడ. కణములు ఇటుకలవలెను, వాని నడుమనున్న క్రొవ్వు గారవలెను అమరియుండును. క్లోట్రిమజోల్, ఎకొనజోల్ వంటి మందులు నీటిలో మిక్కిలి స్వల్పముగా మాత్రమే కరగును. కరగని మందు పలుకులుగా చర్మముపై నిలిచిపోవును; చెమటకు, బట్టల రాపిడికి తొలగిపోవును. కరిగిన మందు మాత్రమే గోడలోనికి ఇంకగలదు.

కావున మందును తగిన ద్రవములలో కరిగించి లేపనము చేయుట మొదటి ఉపాయము. పలుకులను అతి సూక్ష్మముగా నూరుట రెండవది. పొడి సన్నమైనకొలది త్వరగా కరగును. మూడవది లైపోసోములు. ఇవి లెసిథిన్ వంటి క్రొవ్వు పదార్థముతో చేసిన, కంటికి కనిపించని బుడగలు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అలెక్ బాంగ్‌హామ్ 1960 దశకమున వీనిని వర్ణించెను. బుడగ గోడలలో మందు ఇమిడియుండును. చర్మపు క్రొవ్వుతో వీనికి పోలిక యుండుటచే మందు పైపొరలోనికి చేరి, అచ్చట నిలుచుటకు తోడ్పడును. లైపోసోములలో నిమిడ్చిన ఎకొనజోల్ లేపనము 1988లో స్విట్జర్లాండున అమ్మకమునకు వచ్చినది.

అయితే మంచి మందైనను సరిగా వాడనిచో వ్యర్థము. స్టీరాయిడు కలిసిన లేపనములు దురదను వెంటనే అణచును. కాని చర్మపు రోగనిరోధకశక్తిని తగ్గించి తామరను విస్తరింపజేయును. వైద్యుని సలహా లేక వానిని కొనరాదు. చర్మమును కడిగి, బాగుగా ఆరనిచ్చి, మచ్చ అంచునకు వెలుపల 2 సెంటీమీటర్ల వరకు మందును పలుచగా వ్రాయవలెను. దురద తగ్గగనే మానరాదు. వైద్యుడు చెప్పిన గడువు ముగియువరకు వాడవలెను. ఇంటిలో తామర గలవారందరును ఒకేసారి చికిత్స పొందవలెను; తువ్వాళ్లు, బట్టలు వేరుగా నుంచుకొని ఎండలో నారవేయవలెను. ఈ జాగ్రత్తలు పాటించినచో శాస్త్రజ్ఞుల కృషి మన గ్రామములకు నిజముగా ఫలించును.