మోకాలి మీద నాలుగు గ్రాములు

మా అమ్మ మోకాళ్లకు మందు రాసుకోవడం ఓ ముచ్చట. శనగగింజంత జెల్ చూపుడువేలి కొసకు తీసుకుంటుంది. దాన్నే రెండు మోకాళ్లకూ పంచుతుంది. వేలికి ఇంకేమైనా అంటుకుని ఉంటే వృథా పోనివ్వకుండా మెడ వెనక తుడిచేసుకుంటుంది. 72 ఏళ్ల మనిషి. గుజ్జు అరిగిపోయిందమ్మా అన్నాడు డాక్టరు. కడుపులో మంట ఉందంటే మాత్రలు మానిపించి, డైక్లోఫెనాక్ 1 శాతం జెల్ రాశాడు. పూటకు ఒక్కో మోకాలికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు.

"ఘాటు లేదు, వాసన లేదు. ఇదేం మందురా?" అనేది అమ్మ అభియోగం. డాక్టరు చెప్పిన కొలత చూపించాక రెండో అభియోగం వచ్చింది. "ఇంతింత పూస్తే ట్యూబు ఒక్కరోజు కూడా రాదు కదరా!"

లెక్క తప్పు కాదు. ట్యూబులో ఉండేది 30 గ్రాములు. ఒక మోకాలికి రోజుకు 16 గ్రాములు, రెండింటికి 32. అమెరికాలో ఈ జెల్ పెట్టెలో కొలత కోసం ఓ ప్లాస్టిక్ కార్డు పెడతారు. దాని మీద 4 గ్రాముల గీత పొడవు నాలుగున్నర అంగుళాలు. మన భాషలో అర జానెడు. ఒంటి మీద అన్నిచోట్లా కలిపి రోజుకు 32 గ్రాములు దాటకూడదని అక్కడి నియమం. శనగగింజ ఎక్కడ, అర జానెడు ఎక్కడ? జెల్ పనిచేయట్లేదని గొణిగేవాళ్లలో ఎంతమంది అసలు సరిపడా రాశారో అని నాకో అనుమానం.

ఇంకో లెక్క చూడండి. 1 శాతం జెల్ అంటే గ్రాముకు 10 మిల్లీగ్రాముల మందు. ఒక మోకాలికి రోజుకు 160 మిల్లీగ్రాములు. నోటితో వేసుకునే 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడేస్తే 150. అంటే తినే మందుకు తక్కువేం కాదు మనం పూసేది. తేడా రక్తంలో తెలుస్తుంది. మాత్ర వేసుకున్నప్పుడు రక్తంలోకి చేరే మందు 100 అనుకుంటే, ఒక మోకాలికి జెల్ రాసినప్పుడు చేరేది 6. ఈ జెల్ తయారీ కష్టమంతా, ఉపయోగమంతా ఆ 6లోనే ఉంది.

నొప్పి ఎక్కడుందో మాత్రకు తెలియదు. మోకాలి కోసం మింగినది కడుపు, కిడ్నీ, గుండె అన్నీ చుట్టి వస్తుంది. కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం, బీపీ పెరగడం ఆ ప్రయాణంలో దారిఖర్చులు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలను పాడుచేసి, మన ఆకాశంలో ఆ పక్షే దాదాపు కనిపించకుండా చేసింది. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. పెద్ద వయసులో, నాలుగు రకాల మాత్రలు ఇప్పటికే మింగుతున్న మనిషికి మరో మాత్ర రాయడానికి డాక్టర్లు జంకేది ఈ దారిఖర్చుల వల్లే. బ్రిటన్‌లో 2022 మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకు ముందు పూత మందుతో మొదలుపెట్టమన్నాయి. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019లోనే ఆ మాట గట్టిగా చెప్పింది.

మరైతే ఎప్పుడో వాడుకలోకి రావలసిన పద్ధతి కదా? డైక్లోఫెనాక్ స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీ నుంచి 1970లలో మార్కెట్‌లోకి వచ్చింది. యూరప్‌లో జెల్ ముందే వాడుకలోకి వచ్చినా, కీళ్ల అరుగుదల నొప్పికి వోల్టరెన్ పేరుతో వచ్చిన డైక్లోఫెనాక్ జెల్‌ను అమెరికా అనుమతించింది 2007లో. చీటీ లేకుండా కొనుక్కోనిచ్చింది 2020లో. పూత మందుకు అసలు అడ్డంకి మాత్రం మన చర్మమే.

చర్మం పైపొర మందం కాగితం మందంలో అయిదో వంతు ఉంటుందేమో. అదంతా చచ్చిన కణాలే. అయితే వాటి పేర్పు చూడాలి. ఇటుకల్లా కణాలు, మధ్యలో సున్నంలా కొవ్వు. వాననీరు లోపలికి రానివ్వని, ఒంట్లో తడి బయటికి పోనివ్వని గోడ అది. 2000 సంవత్సరంలో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు ఓ మోటు సూత్రం చెప్పారు. అణుభారం 500 దాటిన పదార్థం ఆ గోడలోంచి దూరడం దాదాపు అసాధ్యమని. డైక్లోఫెనాక్ 300కు కాస్త అటూఇటూ. కొలతకు సరిపోయింది. కానీ గోడ దాటడానికి కొవ్వులో కరగాలి, దాటాక లోపలి తడిలోనూ కరగాలి. నూనెకూ నీటికీ రెండింటికీ చుట్టమైతేనే పని. ఆ రాయబారం నడపడానికే జెల్.

జెల్ పుట్టడం నేను ఓ ఫార్మసీ కాలేజీ ల్యాబులో చూశాను. ఎం.ఫార్మసీ అమ్మాయి రాత్రే కార్బొపాల్ అనే తెల్లటి పొడిని నీళ్లలో చల్లి నానబెట్టింది. పొద్దుటికి అది పల్చటి గంజిలా, కాస్త మబ్బుగా ఉంది. పులుపు గుణం ఎక్కువ. మందును ఆల్కహాల్‌లోనూ ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనూ కరిగించి కలిపింది. తర్వాత ట్రైఇథనోలమైన్ చుక్కచుక్కగా వేసింది. ఆరో చుక్కో ఏడో చుక్కో పడేసరికి తిరుగుతున్న కలియబెట్టే పుల్ల నెమ్మదించింది. గంజి కాస్తా గాజులాంటి ముద్దయి కూర్చుంది. పులుపు చచ్చేసరికి ముడుచుకున్న కార్బొపాల్ అణువుల గొలుసులు ఒకదాన్నొకటి తోసుకుని విప్పారతాయి, నీటిని పట్టేసుకుంటాయి. సబ్జా గింజలు నానినట్టే, కాకపోతే క్షణాల్లో.

ఆల్కహాల్‌ది ఇంకో ఉపకారం. రాసిన వెంటనే ఆవిరైపోతుంది. చల్లగా అనిపించేది అందుకే. ద్రవం తగ్గి మందు చిక్కబడుతుంది. చిక్కనైన చోట ఉండలేక పల్చనైన లోపలికి తోసుకుపోతుంది.

పోతోందా లేదా అన్నది చూడటానికి థామస్ ఫ్రాంజ్ అనే ఆయన 1975లో చెప్పిన గాజు పాత్ర ఉంది. రెండు అరలు, మధ్యలో చర్మపు ముక్క. మనిషి చర్మం సులువుగా దొరకదు కాబట్టి తరచూ పంది చెవి తోలు వాడతారు. విద్యార్థుల స్థాయిలో కోడిగుడ్డు పెంకును ఆమ్లంలో కరిగించి తీసిన పొర కూడా. పైన జెల్, కింద ఉప్పునీరు, చర్మం 32 డిగ్రీల వెచ్చదనంలో. గంటగంటకూ కింద నీరు కొంచెం తీసి మందెంతో కొలుస్తారు. "మొదటి రెండు గంటలు ఏమీ రాదు సార్, భయమేస్తుంది" అంది ఆ అమ్మాయి. తర్వాత గీత మెల్లగా లేస్తుంది.

గాజులో లేచిన గీత మోకాలిలో లేవాలని లేదు. జర్మనీలో ఐడియా అనే కంపెనీ కీటోప్రోఫెన్ మందును ఎటైనా వంగి ఇరుకుల్లోంచి జారగల సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో నింపి జెల్ చేసింది. ఆలోచన అద్భుతం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. పోలిక కోసం మరో గుంపుకు మందులేని అవే బుడగల జెల్. రెండు గుంపులకూ నొప్పి బాగా తగ్గింది. చిక్కేమిటంటే, మందున్నదానికీ లేనిదానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. పోలిక కోసం చేసిన ఆ ఖాళీ బుడగల జెల్‌నే తర్వాత ఫ్లెక్సిసెక్ పేరుతో బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టారు. పెళ్లికొడుకు తప్పుకుంటే తోడొచ్చిన బావమరిదికి పీటలేసినట్టు.

నవ్వొస్తుంది కానీ, ఈ రంగంలో అందరి మెడమీదా వేలాడే కత్తి అదే. 2016లో కొక్రేన్ అనే పరిశోధక సంస్థ సమీక్ష పాత పరీక్షలన్నీ జల్లెడ పట్టింది. 6 నుంచి 12 వారాలు డైక్లోఫెనాక్ పూత మందు వాడినవాళ్లలో నూటికి 60 మందికి నొప్పి బాగా తగ్గింది. మందులేని ఉత్త పూత వాడినవాళ్లలో 50 మందికి. మందు సంపాదించుకున్నది ఆ పదిమందిని. మిగతా యాభైమందిని చల్లదనమో, రుద్దుడో, నమ్మకమో, తనంతట తగ్గే రోజులో బాగుచేశాయి. మందు పనికిరాదని దీని అర్థం కాదు. ఆ పదిమందికి కడుపులో పుండు లేకుండా దక్కిన ఉపశమనం చిన్నదేం కాదు. అయితే వ్యాపార ప్రకటనల్లో ఎగిరి గంతేసే తాతయ్యను మాత్రం నేను నమ్మను.

వాసన లేకపోతే మందు కాదని అమ్మ అనుకోవడానికి కారణం మన చరిత్రలోనే ఉంది. కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పసుపు సీసా లాభాలే ఆంధ్రపత్రికను నిలబెట్టాయి. తెలుగు పత్రికారంగం ఒకందుకు తలనొప్పికి రుణపడి ఉంది. ఆ ఘాటుకు అలవాటుపడ్డ ముక్కు మాది. మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే నరాల్ని తడుతుంది, మిరపకారంలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టేవాటిని. నరాల్లో వేడినీ చలినీ స్పర్శనీ పసిగట్టే ద్వారాల్ని కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్‌కూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ నోబెల్ వచ్చింది. మెంథాల్, క్యాప్సైసిన్ కీలు లోపల వాపు తగ్గించవు, మెదడుకు వేరే కబురు పంపి నొప్పి కబురును వెనక్కు నెడతాయి. మన షాపుల్లో దొరికే జెల్‌లు చాలావరకు డైక్లోఫెనాక్‌తో పాటు మిథైల్ శాలిసిలేట్, మెంథాల్ కలిపినవి. వాటికి ఈ 4 గ్రాముల కొలత పెట్టుకోకూడదు. లేబుల్ చూడాల్సిందే, రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగాల్సిందే.

మోకాలు, వేళ్లు చర్మానికి దగ్గర కాబట్టి ఈ జెల్‌కు అందుతాయి. తుంటి కీలు కండల అడుగున ఉంటుంది, దానికీ వెన్నుకూ భుజానికీ పరీక్షించలేదు. ఒంట్లో కీళ్లన్నీ వాచే రుమటాయిడ్ వాతానికి అసలు వైద్యం వేరే. కీటోప్రోఫెన్ జెల్ రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం పొక్కే ప్రమాదం ఉంది. రోహిణి కార్తె దేశంలో అది మరచిపోరాదు.

అమ్మతో అసలు గొడవ కాపడం దగ్గర. జెల్ రాసి, పైన ఆముదం పూసిన జిల్లేడాకు వెచ్చజేసి కట్టేది. రాసినచోట వేడి, కట్టు రెండూ కూడదంటే ముఖం ముడుచుకుంది. చేతివేళ్లకు రాసుకున్నాక గంటదాకా చేతులు కడగకూడదన్నానని ఇంకా కోపం. "గంటసేపు చేతులు కట్టుకు కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

ఈ ఆదివారం పొద్దున ట్యూబు నా చేతికిచ్చి కాలు చాపింది. "నువ్వు రాస్తేనే తగ్గుతోందిరా." కొక్రేన్ లెక్క చెబుదామనుకుని ఊరుకున్నాను. ఎడమ మోకాలి మీద గీత పెట్టాను. అర జానెడు దాటింది.

"చాల్లే, కుడికాలికి ఉంచు" అంది.