ఉద్యోగం కోసం ఆలుమగలైన ఇద్దరి కథ

అద్దె ఇంటి కోసం గుమ్మంలో నిలబడిన కుర్రవాణ్ణి ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న "పెళ్ళయిందా బాబూ?" అని. జీతమెంత అన్నది ఆ తరువాతి సంగతి. కాకినాడలో గాని, రాజమండ్రిలో గాని, భీమవరంలో గాని చదువు కోసమో, కొలువు కోసమో పల్లె విడిచి వెళ్ళిన మన పిల్లలకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెళ్ళికాని వాడికి గది దొరకటమే గగనమైన చోట పెళ్ళికాని ఆడ, మగ ఒకే కప్పు కింద ఉండటమంటే ఊరు ఊరుకుంటుందా? అయితే సరిగ్గా అలాంటి కథనే మన పెద్దలు ఏడు దశాబ్దాల క్రితం పిల్లాపాపలతో వెళ్ళి చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు. అదే 1955 జనవరి 12న విడుదలైన విజయావారి 'మిస్సమ్మ'.

ఈ చిత్రానికి గోదావరి గడ్డతో దగ్గరి చుట్టరికమే ఉంది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908లో పుట్టినవారు. దేవయ్య పాత్రలో నవ్వులు పూయించిన రేలంగి వెంకట్రామయ్య జీవిత చరమాంకాన్ని తాడేపల్లిగూడెంలోనే గడిపి 1975లో అక్కడే కన్నుమూశారు.

ఆకలే పెళ్ళిపెద్ద

కథ అందరికీ తెలిసినదే అయినా, మొదలు ఎక్కడో గుర్తుచేసుకోవటం మంచిది. అప్పాపురం జమీందారు గోపాలం తన బడికి ఉపాధ్యాయులు కావాలని ప్రకటన ఇస్తాడు. ఇద్దరూ పట్టభద్రులై ఉండాలి, భార్యాభర్తలై ఉండాలి. ఎం.టి. రావుకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. మేరీకీ డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. పైగా ఆమె ఇంటి మీద అప్పు ఉంది. అప్పిచ్చిన డేవిడ్ సొమ్ముకు బదులు పిల్లనే ఇమ్మని పట్టుబడుతున్నాడు. ఇక గత్యంతరం లేక ఇద్దరూ ఆలుమగలమని బొంకి అప్పాపురం చేరతారు. ఆయన హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఇద్దరి మధ్య ప్రేమ మాట అటుంచి, సరైన పరిచయం కూడా లేదు.

ఇక్కడే కథకుని తెలివి కనిపిస్తుంది. సరదా కోసం ఆడిన అబద్ధమైతే ఆనాటి ప్రేక్షకులు ఈసడించుకునేవారు. పొట్టకూటి కోసం ఆడిన అబద్ధం గనుక జాలిపడ్డారు. ఆ ఇంట్లో దేవయ్య అనే మూడో మనిషిని కూడా పెట్టటం మరో జాగ్రత్త. ఇద్దరి గుట్టూ తెలిసినవాడు, ఇద్దరి మధ్యా కాపలా ఉన్నవాడు అతడే. దాంతో అమ్మలక్కలు కూడా నిశ్చింతగా కూర్చుని చూడగలిగారు.

పోట్లాటలోంచి పొందిక

మేరీది ముక్కుమీద కోపం. రావుది నిదానం. బయట జమీందారు దంపతుల ముందు అన్యోన్య దాంపత్యం, తలుపు వేసుకోగానే కీచులాట. ఏ క్షణాన గుట్టు రట్టవుతుందోనని ఇద్దరికీ గుబులే. ఉద్యోగం నిలవాలంటే ఒకరి పొరపాటును ఒకరు సర్దుకోక తప్పదు. ఈ సర్దుకోవటంలోనే ఒకరి మంచితనం మరొకరికి తెలిసివస్తుంది. జమీందారు చిన్న కూతురు సీతకు రావు సంగీతం చెబుతుంటే మేరీకి ఎక్కడలేని ఉక్రోషం వస్తుంది. లేని మొగుడి మీద ఉన్న అసూయ! తన మనసు ఎటు మళ్ళిందో ఆమెకంటే ముందు ప్రేక్షకులకే అర్థమవుతుంది.

రావుగా ఎన్.టి. రామారావు, మేరీగా సావిత్రి, జమీందారుగా ఎస్.వి. రంగారావు జీవం పోశారు. అపరాధ పరిశోధకుడు రాజుగా అక్కినేని నాగేశ్వరరావు, సీతగా జమున నవ్వించారు. మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకోవటంతో సావిత్రికి ఈ అవకాశం దక్కిందన్నది అందరికీ తెలిసిన ముచ్చట.

దాటని గడప

ఇంతవరకు బాగానే ఉంది. మరి హిందూ కుర్రవాడు, క్రైస్తవ పిల్ల ఎలా ఒకటవుతారు? గుడి, చర్చి పక్కపక్కనే ఉన్న మన డెల్టా గ్రామాల్లో ఇది ఊరికే వేసే ప్రశ్న కాదు. ఇలాంటి పెళ్ళిళ్ళ వల్ల పుట్టింటి గడప తొక్కలేని ఆడపిల్లలు మన మధ్య ఉన్నారు. సినిమా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకుంది. మేరీ కాలి మీది పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆమె చిన్నతనంలో తప్పిపోయిన జమీందారు పెద్ద కూతురు మహాలక్ష్మే అని తేలుతుంది. చిక్కు విడిపోయింది, అందరూ సంతోషించారు. పుట్టుమచ్చ లేకపోతే ఏమయ్యేదో ఎవరూ అడగలేదు. 1955లో అంతకంటే ముందుకు వెళితే జనం మెచ్చేవారా అన్నది ఆలోచించవలసిన విషయమే. అయినా పుట్టుక సంగతి తెలియక ముందే ఆ ఇద్దరి మనసులు కలిశాయన్నది మరువరాదు. హాలులో కూర్చున్నవారు ఆ జంట కలవాలని కోరుకున్నది కూడా అప్పుడే.

బెంగాల్ నుంచి లండన్ దాకా

ఈ కథకు మూలం బెంగాలీ. రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మయీ గర్ల్స్ స్కూల్' నాటకం 1935లో బెంగాలీలో చలనచిత్రమైంది. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చిన తెనాలివాసి చక్రపాణి దాన్ని మన నేలకు తగినట్లు మలిచారు. పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు సమకూర్చారు. తమిళంలో అదే ఏడాది, హిందీలో 1957లో 'మిస్ మేరీ'గా ఈ కథ మళ్ళీ తెరకెక్కింది.

ఇటువంటి కథలకు కాలదోషం లేదు. 2019లో ఇంగ్లండు రచయిత్రి బెత్ ఓలియరీ 'ది ఫ్లాట్‌షేర్' అనే నవల రాశారు. ఉద్యోగానికి రైలులో వెళ్ళివచ్చే వేళల్లో దీన్ని రాశారట. లండన్‌లో అద్దెలు మోయలేని ఒక అమ్మాయి, రాత్రి డ్యూటీ చేసే మగ నర్సు ఒకే ఇంటిని, ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకుంటారు. పగలు అతను, రాత్రి ఆమె. చాలాకాలం ఒకరి ముఖం ఒకరు చూడరు. వంట గురించి, చెత్తబుట్ట గురించి చీటీలు రాసుకుంటూనే దగ్గరవుతారు. అతనికి జైలులో ఉన్న తమ్ముడి కేసు ఖర్చుల బెంగ. ఆమెకు పెత్తనం చేసిన పాత ప్రియుడి భయం.

అప్పాపురానికీ లండన్‌కూ ఎంత దూరం! అయినా రెండు కథల్లోనూ ఇద్దరినీ ఒక ఇంటికి చేర్చింది డబ్బు ఇబ్బందే. రెండింటిలోనూ మనిషి నమ్మదగినవాడా కాదా అన్నది తేలాకనే ప్రేమ వచ్చింది. పెళ్ళిచూపుల్లో అరగంట కూర్చుంటే తెలియని గుణం, ఒక ఇంట్లో నెల రోజులు నీళ్ళు, నిప్పు పంచుకుంటే తెలుస్తుంది.

మన ఊళ్ళలో ఎవరూ పిల్లల్ని అలా ఉండమని చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా. సంబంధం చూసేటప్పుడు కట్నం, పొలం, కులం లెక్కలతోపాటు ఈ ఇద్దరూ ఒకరి కోపాన్ని ఒకరు ఓర్చుకోగలరా అని కూడా ఆలోచిస్తే చాలు. రావు, మేరీ ఆ పరీక్షలో ముందు నెగ్గి, పెళ్ళి పీటల మీద తరువాత కూర్చున్నారు.