టైటానియము - లేజరు వెలుగు

శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో తెరువబడినది. అచ్చట నేల విడిచి లేచు పెద్ద విమానముల యంత్రములలో టైటానియమను లోహము చేరియుండును. ఆ లోహమును గూర్చియు, దాని పైపొరను లేజరు వెలుగుచే బాగుచేయు విధమును గూర్చియు మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత తెలియజేయుట యీ వ్యాసోద్దేశము.

1791లో ఇంగ్లాండు దేశపు మతాచార్యుడగు విలియం గ్రెగరు నల్లని యిసుకలో నీ లోహపు జాడ కనుగొనెను. 1795లో జర్మనీ దేశస్థుడగు క్లాప్రోతు దీనికి టైటానియమని పేరిడెను. మన భీమునిపట్టణపు తీరమందలి యిసుకలోను దీని ముడిఖనిజమగు ఇల్మెనైటు కలదు. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగగా, టైటానియము 4.5 గ్రాములే తూగును. నూటికి 6 పాళ్లు అల్యూమినియమును, 4 పాళ్లు వెనేడియమును గలిపిన మిశ్రలోహము మిక్కిలి వాడుకలో నున్నది. కంచన్‌బాగులో, 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము ఇట్టి లోహములను తయారుచేయుచున్నది. దానికి సమీపమున బాలాపురమందలి నూతన పదార్థముల పరిశోధనా కేంద్రమున లేజరు పనులకు ప్రత్యేకశాఖ కలదు.

ఇంత గుణవంతమైన లోహమునకును ఒక కొఱత గలదు. మఱియొక లోహముతో రాచుకొన్నప్పుడు ఇది దానికి అంటుకొని, చీరుకొనిపోయి, త్వరగా అరుగును. కమ్మరి కత్తియంచును కాల్చి నీట ముంచి గట్టిపఱచునట్లు, దీని పైపొరను మాత్రము గట్టిపఱచవలయును. 1960లో అమెరికాలో మెయిమన్ మొదట చూపిన లేజరు వెలుగు ఇందుకు సాధనమయ్యెను. ఆ వెలుగు సన్నని చోట కేంద్రీకృతమై, 1668 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని కరగని యీ లోహమును పైపైన క్షణములో కరగించును. క్రిందనున్న చల్లని లోహము ఆ వేడిని వెంటనే పీల్చుకొనుటచే కరగిన పొర తటాలున గట్టిపడును. ఆ సమయమున నత్రజని వాయువును ఊదినచో, అది లోహముతో గలిసి బంగారు వన్నెగల మిక్కిలి గట్టిపొర యేర్పడును. అరుగుదల చాల తగ్గును.

అయితే గట్టిదనము వేఱు, దీర్ఘకాలము నిలుచుట వేఱు. ఇనుపతీగను ఇటునటు పలుమాఱు వంచినచో తుదకు విఱుగును గదా! దీనినే లోహపు అలసట యందురు. గట్టిపొర పెళుసైనది, అందు సన్నని బీటలు వాఱిన, అవి లోనికి ప్రాకవచ్చును. పెళుసుదనమెంత ప్రమాదకరమో 1989 జూలై 19న తెలిసివచ్చెను. అమెరికాలోని సూ సిటీలో ఒక విమానము కూలి నూఱుమందికి పైగా మరణించిరి. దాని యంత్రమందలి టైటానియపు చక్రములో, లోహమును కరగించునాడే నత్రజని చేరి యేర్పడిన పెళుసు మచ్చ యొకటి బీటకు మూలమయ్యెను. అది లేజరు పని వలన గలిగినది కాదు. కాని నత్రజని యెచ్చట, ఎంత యుండవలయునో యెఱుగక వాడరాదని యది బోధించుచున్నది.

అందువలన అలసటకు లోనగు భాగములకు వేఱొక పద్ధతి కలదు. లోహముపై నల్లని పూత పూసి, దానిపై పలుచగా నీరు పాఱించి, సెకనులో కోట్లవంతుల కాలము మాత్రముండు లేజరు దెబ్బను వేయుదురు. పూత ఆవిరియై ప్రేలును; నీరు ఆ ప్రేలుడును అడ్డగించి లోపలికి నెట్టును. ఇది వేడిమి పని కాదు, సమ్మెటపోటు వంటిది. పైపొర విప్పారజూచును గాని చుట్టునున్న లోహము విప్పారనీయదు. గావున ఆ పొర సుమారు ఒక మిల్లీమీటరు లోతువఱకు బిగువున నొత్తుకొని యుండును. బండిచక్రమునకు కాల్చి తొడిగిన ఇనుపపట్టా చల్లాఱి కఱ్ఱల అతుకులు విడకుండ బిగించునట్లే, ఈ బిగువు బీటను తెఱచుకొననీయదు. 1997లో అమెరికా యుద్ధవిమానపు యంత్రముల టైటానియపు రెక్కలకు ఈ పద్ధతిని ఉపయోగించిరి.

విద్యార్థులారా! ఒక పదార్థమును గట్టిదని విన్నంతమాత్రమున మంచిదని తలపకుడు. అది యెచ్చట, ఏ బరువుకు, ఎన్నిమాఱులు ఓర్చుకొనవలయునో విచారించి, పరీక్షించి, పిమ్మట వాడవలయును. ఆకాశమున బోవు జనుల ప్రాణములు ఆ పరీక్షపై ఆధారపడియున్నవి.