బోనెట్ మీద మసిగుడ్డ

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడలో తెల్లవారిందనడానికి రెండు చప్పుళ్లు గుర్తు. ఒకటి స్టేషన్‌లో ఆగి ఫలక్‌నుమా వైపు కదిలే లోకల్ రైలుది. రెండోది గల్లీలో నిలబెట్టిన కారు మీద పొడిగుడ్డ పడే చప్పుడు. ఆటోలు, బైకుల మధ్య ఇరుక్కున్న ఆ కారు ఒక చక్రం మోరీ బండ మీద, మరొకటి రోడ్డు మీద పెట్టి నిలబడి ఉంటుంది. సీటు కింద నుంచి పాత బనియన్ బయటికి వస్తుంది. రాత్రి పేరుకున్న దుమ్మును టపటపా దులిపి, అదే గుడ్డతో బోనెట్‌ను గుండ్రంగా నాలుగు తిప్పులు తిప్పితే రెండు నిమిషాల్లో బండి తళతళ. నీళ్ల ఖర్చు లేదు, చేతులు తడవవు.

పదింటికి ఎండ ఏటవాలుగా బోనెట్ మీద పడ్డప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. నల్ల కారైతే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. దుమ్మంటే మెత్తటి పిండి కాదు, రాతిపొడి. దాన్ని బనియన్ కింద పెట్టి రుద్దడమంటే పలచటి ఉప్పుకాగితం రాయడమే.

ఆ గీతలు పోగొట్టాలని ఆదివారం పూట యజమాని స్పేర్ పార్ట్స్ దుకాణం మెట్లెక్కుతాడు.

“అన్నా, పాలిష్ ఇయ్యాల్నా, వ్యాక్స్ ఇయ్యాల్నా?”

“రెండూ ఒక్కటే గదా! మంచిగ మెరిసేది ఇయ్యి.”

రెండూ ఒక్కటి కావు. ఇంట్లో కారు చూసుకునేవాళ్ల పొరపాట్లు చాలావరకు ఈ మాట దగ్గరే మొదలవుతాయి. పాలిష్‌లో గరుకు పొడి ఉంటుంది. అది రంగు పైపొరను రవ్వంత కొరికి తీసి, గీత అంచులను చదును చేస్తుంది. రబ్బింగ్ కాంపౌండ్ దానికి పెద్దన్న, ఇంకా గరుకు. వ్యాక్స్ అంటే మైనం. దేన్నీ తీయదు, పైన ఒక పూతలా నిలుస్తుంది. కత్తికి సానపట్టడం ఒక పని, తుప్పు పట్టకుండా నూనె రాయడం ఇంకో పని. నూనె రోజూ రాసినా నష్టం లేదు. సాన రోజూ పడితే కత్తే మిగలదు.

వెంట్రుకలో సగం

ఫ్యాక్టరీలో కారుకు వేసే రంగు ఒక్క పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా దాదాపు 100 నుంచి 130 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. లక్షలు పోసి కొన్న బండి మెరుపంతా సగం వెంట్రుక మందం మీద ఆధారపడి ఉందన్నమాట. మెషీన్‌తో గట్టి కాంపౌండ్ పెట్టి రుద్దితే అందులో కొన్ని మైక్రాన్లు ఒక్క దఫాలోనే పోవచ్చు. పోయినవి తిరిగి రావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేదీ ఆ పొరే కాబట్టి, అది పలచబడితే టాప్ మీద, బోనెట్ మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. తర్వాత పెచ్చులూడతాయి. ఆ దశలో ఏ డబ్బా పనికిరాదు, పెయింటరే దిక్కు.

అంబాసిడర్ కాలంలో కథ వేరు. పాత బండ్లకు పైన క్లియర్ కోట్ ఉండేది కాదు, కంటికి కనిపించే రంగే ఆఖరి పొర. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు రంగు అంటేది. నీలం బండికి నీలం, నల్ల బండికి నలుపు. గుడ్డ చూసి ‘చాలు’ అని ఆపేవాళ్లు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కానీ రుద్దే అలవాటు ఆగలేదు. ఇప్పటి క్లియర్ కోట్‌కు రంగు లేదు కాబట్టి గుడ్డ రంగు మారదు. ఎంత పోతోందో చెప్పే సాక్షి లేకుండా పోయాడు.

మెకానిక్‌ల నోట్లో ఇప్పటికీ ఆడే ‘డ్యూకో’ అన్న మాట ఆ పాత కాలానిదే. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన లక్కరు రంగు పేరది. అంతకు ముందు కార్లకు గుర్రపు బగ్గీల మాదిరే కుంచెతో పొర మీద పొర వార్నిష్ వేసేవాళ్లు. ఆరడానికే వారాలు పట్టేది. డ్యూకో ఆ పనిని గంటల్లోకి దింపింది. ఆ రంగు పేరు కాస్తా మన దగ్గర పనికే పేరైంది.

ఆ వార్నిష్ రోజుల నాటి కారు ఒకటి ఉప్పుగూడకు దగ్గర్లోనే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, 1911 ఆగస్టులో కన్నుమూయడంతో ఎక్కకుండానే పోయిన బండి. తర్వాత అది ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. మొత్తం మీద 356 మైళ్లే తిరిగిందని చెబుతారు. తర్వాత దాన్ని బాగుచేయించారు కూడా. అయినా దాని అదృష్టమంతా నీడపట్టున ఉండటంలో ఉంది. ఉప్పుగూడ గల్లీలో కారుకు ఆ యోగం లేదు.

పట్టాల పక్క బండి

స్టేషన్ చుట్టుపక్కల తెల్ల కార్లను దగ్గరగా చూస్తే డోర్ల మీద ఆవగింజలో పావు వంతు ఉండే నారింజ రంగు చుక్కలు కనిపించవచ్చు. రంగు లోపల నుంచి వచ్చిన తుప్పు అని కంగారు పడతారు. చాలాసార్లు అది పైనుంచి పడ్డదే. రైలు చక్రం, పట్టా, బ్రేకుల రాపిడికి లేచే సన్నటి ఇనుప రజను వేడిగా వచ్చి రంగులో గుచ్చుకుంటుంది. తేమ తగిలి అక్కడే తుప్పు పడుతుంది. కార్ల పనివాళ్లు దీన్ని ‘రైల్ డస్ట్’ అంటారు. కారు బ్రేకుల నుంచీ ఇలాంటి రజనే వస్తుంది కనుక చక్రాల దగ్గర ఎక్కువ.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. కారు కడిగి ఆరాక, చేతికి పలచటి పాలిథిన్ కవర్ తొడిగి వేళ్లతో బోనెట్ మీద మెల్లగా జరపాలి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోటే కవర్ లోంచి ఇసుక రేణువుల్లా తగులుతుంది. అలా తగిలితే మైనం పూయడానికి ముందు క్లే బార్ కావాలి. అది మెత్తటి బంకమట్టి ముద్దలా ఉంటుంది. షాంపూ నీళ్లు చల్లుకుంటూ జారిస్తే గుచ్చుకున్నవన్నీ దానికి అంటుకుని వస్తాయి. పొరపాటున కింద పడితే దాన్ని పారేయాల్సిందే, మట్టి అంటిన ముద్ద మళ్లీ రుద్దితే గీతలే. ఇనుప రజను మరీ ఎక్కువుంటే ‘ఐరన్ రిమూవర్’ స్ప్రే దొరుకుతుంది. కొట్టిన కాసేపటికి ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగు ధారలు కారతాయి. చూడ్డానికి ముచ్చటే. వాసన మాత్రం కుళ్లిన గుడ్డుది.

పాతబస్తీలో పావురాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెట్టలో ఆమ్లం ఉంటుంది, దానికి ఎండ తోడైతే క్లియర్ కోట్ మీద ముద్రపడుతుంది. చేయాల్సిందల్లా తడిగుడ్డ రెట్ట మీద రెండు నిమిషాలు వేసి నాననిచ్చి ఎత్తేయడం. గోరుతో గీకితే పావురం చేసిన నష్టానికి మనం కొసరు వేసినట్టు.

తర్వాతి పేచీ నీళ్లది. బోరునీళ్లలో సున్నం పాలు ఎక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టుకున్న కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 600 వరకు. కార్లు కడిగే బోర్లకు హద్దు చూసేవాళ్లెవరు? ఎండలో కడిగి అలా వదిలేస్తే నీళ్లు ఆవిరై తెల్లటి వలయాలు మిగులుతాయి. తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి తుడిచి వెంటనే కడిగితే కొత్త మచ్చలు పోతాయి. పాతవి మొండికేస్తాయి. అందుకే కడగడం పొద్దున్నే లేదా సాయంత్రం, నీడలో. తుడవడం వెంటనే. నీళ్లు పారబోయమని కాదు. 2024 ఎండాకాలంలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. పైపు పెట్టి వదలక్కర్లేదు, రెండు బకెట్లు చాలు. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. మురికి రెండో బకెట్ అడుగున ఉండిపోతుంది, మళ్లీ కారెక్కదు.

2020 అక్టోబరు వరదల్లో, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు, ఉప్పుగూడ పరిసరాల బస్తీల్లోకి బురద నీళ్లు వచ్చాయి. అలా ఎండిన బురదను గుడ్డతో రుద్దడం కన్నా పెద్ద తప్పు లేదు. తడిపి, నానబెట్టి, నీటి ధారతోనే దించాలి.

ఏ డబ్బా కొనాలి?

కార్నూబా అన్న పేరు డబ్బాల మీద తరచూ కనిపిస్తుంది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే చెట్టది, మన తాటిచెట్టుకు దూరపు చుట్టం. ఎండకు తేమ పోకుండా ఆకు మీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని తీస్తారు. దాదాపు 82 డిగ్రీల దాకా కరగదు. మాత్రల మీద, చాక్లెట్ల మీద మెరుపు కూడా చాలాసార్లు దీనిదే. ఒట్టి కార్నూబా ఇటుకలా గట్టిగా ఉంటుంది, వేలితో తీయడం కుదరదు. కాబట్టి నూనెలు, ద్రావకాలు కలపనిదే కారుకు పూసే ముద్ద తయారుకాదు. ‘నూరు శాతం కార్నూబా’ అన్న అక్షరాలకు ఎక్కువ డబ్బు ఇవ్వక్కర్లేదు.

బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైన ఊరు మనది. ఎండలో నిలబెట్టిన కారు రేకు గాలి కంటే ఎంతో వేడెక్కుతుంది. ఆరుబయట ఉండే బండికి మైనం నెల, రెండు నెలలు నిలిస్తే గొప్ప. పాలిమర్‌తో చేసిన సీలెంట్లు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. సిలికా కలిసిన సెరామిక్ స్ప్రేలు ఇప్పుడు అందుబాటు ధరలోకి వచ్చాయి. తడి కారు మీద కొట్టి తుడిస్తే సరిపోయేవీ ఉన్నాయి. గల్లీలో ఉండే బండికి సీలెంటో స్ప్రేనో లాభసాటి. సెలవు రోజు తీరిగ్గా కూర్చుని పూయడంలో సరదా ఉన్నవాళ్లకు మైనం. ‘9హెచ్ కాఠిన్యం’ అన్న ప్రకటన చూసి వజ్రంలా ఉంటుందనుకోవద్దు. అది పెన్సిల్ గీతల పరీక్షలో వచ్చే అంకె, రాతితో గీస్తే గీత పడుతుంది.

పాలిష్ అసలు కావాలా? తెల్ల కారుకు చాలావరకు అక్కర్లేదు, గీతలు కంటికి ఆనవు. ముదురు రంగు బండికి అవసరమైతే ఏడాదికోసారి, చేత్తో, అన్నిటికన్నా మెత్తటి రకంతో. గోరు తగిలి ఆగేంత లోతు గీతకు పాలిష్ మందు కాదు. డెంటింగ్ షాపులో కొత్తగా లప్పం పెట్టి రంగు వేయించిన డోరుకైతే నెల, రెండు నెలలు మైనం జోలికి పోవద్దు, లోపలి ద్రావకాలు ఆరిపోవాలి. కిరోసిన్, డీజిల్ గుడ్డతో తుడిచి మెరిపించే చిట్కా సెకండ్‌హ్యాండ్ బండి అమ్మేవాడికి పనికొస్తుంది, కొన్నవాడికి కాదు.

పూసే పద్ధతి నిమిషంలో చెప్పొచ్చు. చల్లబడిన, కడిగి ఆరిన కారు. బోనెట్ మీద అరచేయి ఆనిస్తే వెచ్చగా కూడా తగలకూడదు. స్పాంజి మీద శనగగింజంత మైనం, రెండడుగుల జాగా, చూస్తే ఉందా లేదా అన్నంత పలచగా. మందంగా పూస్తే ఎక్కువ కాలం నిలవదు, తుడవడానికి చేతులు మాత్రం నొప్పిపుడతాయి. మసకగా ఆరాక వేలితో ఒక గీత గీయాలి. గీత శుభ్రంగా వస్తే తుడవొచ్చు, జిడ్డుగా సాగితే ఇంకాస్త ఆగాలి. తర్వాత మడత పెట్టిన మైక్రోఫైబర్ గుడ్డ, మడత మారుస్తూ. నల్ల ప్లాస్టిక్ అంచులకు, ముందు అద్దానికి మైనం తగలనివ్వొద్దు. ప్లాస్టిక్ తెల్లబడుతుంది, వైపర్ గీరుతుంది. సందులో ఎండిన తెల్ల పొడికి పాత టూత్‌బ్రష్ చాలు.

ఏ రోజు పూయాలన్నదానికి పాతబస్తీ క్యాలెండరే దారి చూపిస్తుంది. లాల్‌దర్వాజా, ఉప్పుగూడ బోనాల ఊరేగింపు రోజు గల్లీలో ఉన్న బండి మీద పసుపు పడకుండా ఉండదు. ఆయుధపూజకు బోనెట్ మీద తడి కుంకుమ బొట్టు పెడతాం, గుమ్మడికాయ కొడతాం, టైరు కింద నిమ్మకాయ చిదుపుతాం. తడి పసుపు రంగు తెల్ల బండిని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. పండగకు రెండు రోజుల ముందు పూత వేసి ఉంచితే బొట్టు రంగు మీద కాక పూత మీద ఉంటుంది, మర్నాడు తడిగుడ్డకు వచ్చేస్తుంది. మరొకటి బంతిపూల దండ. బండి నడుస్తున్నంత సేపూ గాలికి ఊగుతూ కింద దుమ్మును రుద్దుతూనే ఉంటుంది. దసరా తర్వాత బోనెట్ మీద కనిపించే వంకర గీతలు చాలావరకు దానివే.

ఈ దసరాకు దండ కట్టే ముందు బోనెట్ మీద నాలుగు మగ్గుల నీళ్లు పోయండి. సీటు కింది బనియన్‌ను ఇంజిన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తుడవడానికి ఉంచుకోండి.