కుక్కర్‌లో రిసొట్టో: చిక్కదనమంతా బియ్యానిదే

రిసొట్టోలో క్రీమ్ వెయ్యరు. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా తేలిక. తెల్లగా, గరిటె జారుగా పళ్లెంలో పరుచుకునే ఆ అన్నాన్ని చూసి పాలమీగడో, క్రీమ్ డబ్బానో దండిగా పోశారనుకుంటాం. ఆ చిక్కదనం బియ్యంలోంచి రావాలి. చివర్లో పడే వెన్న, చీజ్ దానికి మెరుగు పెడతాయంతే. బియ్యంలోని జిగురు ఎప్పుడు, ఎలా బయటికొస్తుందో తెలుసుకుంటే, పొయ్యి దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి కలపాల్సిన పని లేదని కూడా తెలుస్తుంది. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో ఆరు నిమిషాలు చాలు.

మేముండేది ఇటలీలో, మిలాన్‌కి దక్షిణాన ఉన్న పావియాలో. ఊరు దాటితే వరిమళ్లే. మే నెలలో లోమెల్లీనా ప్రాంతం వైపు వెళ్తే గట్ల మధ్య నిలబెట్టిన నీళ్లు, ఆ నీళ్లలో కొంగలు కనిపిస్తాయి. బాపట్ల పక్కన కాలవగట్టు మీద పెరిగిన నాకు ఇందులో కొత్తేమీ లేదు. యూరోపియన్ యూనియన్‌లో పండే వడ్లలో దాదాపు సగం ఇటలీవే. అందులోనూ ఎక్కువ భాగం పావియా, వెర్చెల్లి, నొవారా జిల్లాలవి. పో నది నీళ్లని ఈ పొలాలకి మళ్లించే కావూర్ కాలువ 1866లో మొదలైంది. మన కృష్ణకి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి అప్పటికి పదేళ్లు దాటింది. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు బెయిర్డ్ స్మిత్ 1850లలో ఇటలీ కాలువల మీద ఒక పుస్తకం, కావేరి, కృష్ణ, గోదావరి ఆనకట్టల మీద మరొకటి రాశాడు. రెండు చోట్లా పారే నీరు చూసినవాడు.

మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ రిటైరైన టీచరు. ఆవిడ తల్లి ఈ మళ్లలోనే కలుపు తీసిందట. మోకాలిలోతు నీళ్లలో రోజంతా వంగి కలుపు తీసి, నాట్లు వేసిన అలాంటి ఆడవాళ్లని ఇక్కడ మొందీనె అంటారు. 1949లో వచ్చిన ‘రీసో అమారో’ సినిమా వాళ్ల మీదే. కలుపుమందులు, యంత్రాలు వచ్చాక ఆ పని పోయింది. నాకు రిసొట్టో నేర్పింది ఈవిడే. బియ్యం గింజ విషయంలో ఆవిడ పట్టింపు చూస్తే మా అమ్మ గుర్తొస్తుంది.

ఇక్కడ చెప్పబోయేది చికెన్ రిసొట్టో. అది బయటి దేశాలవాళ్లు అల్లుకున్న వంటకమని కొందరంటారు. మిలాన్‌లో పేరున్నది కుంకుమపువ్వు వేసే రిసొట్టో. పావియాలో రొయ్యలతో చేస్తారు, లోమెల్లీనాలో వరిమళ్లలో దొరికే కప్పలతోనూ చేస్తారు. కానీ వెనెతో ప్రాంతంలో కోడిమాంసంతో చేసే ‘రిసొట్టో అల్లా స్బిర్రాల్యా’ పాతకాలం నాటిదే. కోడిని ముక్కలు చేసి, కార్జం కందనకాయలతో సహా బియ్యంలో ఉడికిస్తారు. కోడితో రిసొట్టో చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బియ్యం దగ్గర మాత్రం రాజీ పడకూడదు. పొట్టిగా, లావుగా ఉండే గింజ కావాలి. మన పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరికేది ఎక్కువగా ఆర్బోరియో. వెర్చెల్లి జిల్లాలోని ఒక ఊరి పేరే దానికి పెట్టారు. కార్నరోలి దొరికితే ఇంకా మంచిది. బియ్యపు పిండిపదార్థంలో రెండు రకాలుంటాయి. అమైలోపెక్టిన్ జిగురునిస్తుంది, అమైలోజ్ గింజని విడివిడిగా, గట్టిగా ఉంచుతుంది. ఆర్బోరియో కంటే కార్నరోలిలో అమైలోజ్ ఎక్కువ కాబట్టి ఒక నిమిషం అటూ ఇటూ అయినా గింజ చితకదు. బాస్మతి ఇందుకు పనికిరాదు. ఉప్పుడు బియ్యం అసలే పనికిరాదు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని, పాత బియ్యం పొడిపొడిగా వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పొట్టి గింజ కొత్త బియ్యంతో చేస్తే రుచిగానే ఉంటుంది. కాకపోతే గింజ మధ్యలో పలుకు మిగలదు.

ఇక తెలుగువాళ్లకి మింగుడుపడని నియమం ఒకటుంది. ఈ బియ్యం కడగకూడదు. ఫోన్లో చెప్తే మా అమ్మ, “కడక్కుండా ఎసట్లో పోస్తారటే ఎక్కడన్నా!” అంది. గింజ పైన అంటుకుని ఉండే సన్నటి పిండే రిసొట్టోని చిక్కబరిచేది. రెండుసార్లు కడిగితే అది కాస్తా కడుగునీళ్లలో పోతుంది. మనం గంజి వార్చి అన్నం వేరు చేస్తాం, వీళ్లు గంజిని కూడా అన్నంతోనే ఉంచేస్తారు. బియ్యాన్ని చేటలో పోసి చూసుకుంటే చాలు, నీళ్లు తగలనివ్వకండి.

మామూలు పద్ధతిలో వేడి స్టాక్‌ని, అంటే ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లని, గరిటెడు గరిటెడు పోస్తూ, పద్దెనిమిది ఇరవై నిమిషాలు కలుపుతారు. కలపడం వల్ల గింజా గింజా రాసుకుని పిండి రాలుతుంది, అడుగంటకుండా వేడి సమానంగా తగులుతుంది. కుక్కర్‌లో ఈ రెండు పనులూ వేరే దారిలో జరుగుతాయి. మూత బిగించాక ఆవిరి పోదు కాబట్టి వేడి అన్ని వైపులా సమానంగా ఉంటుంది. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో ఎక్కువ ప్రెషర్ దగ్గర నీళ్లు సుమారు 115 డిగ్రీల సెల్సియస్‌కి చేరతాయి కాబట్టి గింజ త్వరగా ఉడుకుతుంది. ప్రెషర్ త్వరగా వదిలినప్పుడు ఆ వేడి నీళ్లు కుతకుతా మరిగి గింజల్ని కిందా మీదా తిప్పేస్తాయి. ఆ తర్వాత చెక్క గరిటెతో ఒక నిమిషం గట్టిగా కలిపితే రాలాల్సిన పిండి రాలుతుంది. అమెరికన్ వంటల రచయిత్రి లోర్నా శాస్ ప్రెషర్ కుక్కర్ వంటల మీద 1989లో పుస్తకం తెచ్చి, రిసొట్టోకి ఈ పద్ధతిని బాగా ప్రచారం చేసింది. అప్పటికి ఉన్నవి పొయ్యి మీద పెట్టే కుక్కర్లు. 2010లో కెనడా నుంచి ఇన్‌స్టంట్ పాట్ వచ్చాక ఇది ఎలక్ట్రిక్ కుక్కర్లలోకి కూడా పాకింది.

నలుగురికి కావలసినవి

ఆర్బోరియో లేదా కార్నరోలి బియ్యం 300 గ్రాములు
ఎముకల్లేని కోడి తొడ మాంసం 400 గ్రాములు
చికెన్ స్టాక్ 900 మిల్లీలీటర్లు
చిన్న ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు రెండు
వెన్న 60 గ్రాములు, ఆలివ్ నూనె ఒక టేబుల్ స్పూను
తెల్ల వైన్ 100 మిల్లీలీటర్లు
తురిమిన పర్మెజాన్ చీజ్ 60 గ్రాములు
ఉప్పు, మిరియాల పొడి, నిమ్మకాయ

ముందు స్టాక్ సంగతి. కోడి ఎముకలు, ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ కాడ, నాలుగు మిరియాలు వేసి అదే కుక్కర్‌లో ముప్పావుగంట పెట్టి వడకట్టుకోండి. కొన్న స్టాక్ అయితే ఉప్పు చూసుకోండి. ఏదైనా సరే, బియ్యంలో పోసేటప్పుడు మరుగుతూ ఉండాలి. చల్లటి స్టాక్ పోస్తే కుక్కర్‌కి ప్రెషర్ రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు బియ్యం నాని మెత్తబడుతుంది.

కుక్కర్‌ని వేయించే మోడ్‌లో పెట్టి నూనె వేడెక్కాక, అంగుళం పైన ఉండేలా కోసిన చికెన్ ముక్కలకి ఉప్పు, మిరియాలు పట్టించి వెయ్యండి. ఒక వైపు బాగా ఎర్రబడేదాకా కదపొద్దు. తీసి పక్కన పెట్టి, 20 గ్రాముల వెన్న వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ మెత్తబడనివ్వండి. బిర్యానీకి వేయించినట్టు రంగు రాకూడదు. వెల్లుల్లి, ఆ వెంటనే బియ్యం వేసి రెండు నిమిషాలు తిప్పండి. గింజ అంచులు గాజులా అయి, మధ్యలో తెల్లచుక్క మిగిలితే చాలు. ఎర్రగా వేయిస్తే గింజ పైన పిండి మాడి, చిక్కదనం తగ్గిపోతుంది.

ఇప్పుడు వైన్ పోసి, అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీరండి. రుచంతా అందులోనే ఉంది. పైగా అడుగు శుభ్రంగా లేకపోతే ఎలక్ట్రిక్ కుక్కర్ ‘బర్న్’ అని చూపించి ఆగిపోతుంది. వైన్ వాడని ఇళ్లలో అంతే స్టాక్ పోసి, చివర్లో నిమ్మరసం ఒక స్పూను కలుపుకోవచ్చు. వైన్ ఇంకాక చికెన్, 750 మిల్లీలీటర్ల వేడి స్టాక్ వేసి ఒకసారి కలిపి, మూత పెట్టి, ఎక్కువ ప్రెషర్ మీద ఆరు నిమిషాలు పెట్టండి. ఇలాంటి బియ్యం నురగ కడుతుంది కాబట్టి గిన్నెలో సగానికి మించకూడదు. తొడ మాంసం ఈ వేడికి మెత్తగా, రసం పోకుండా ఉడుకుతుంది. ఛాతీ ముక్కయితే పెద్ద ముక్కలుగా ఉంచాలి, లేకపోతే పీచులా అవుతుంది.

ఆరు నిమిషాలవగానే ఆవిరి వదిలెయ్యండి. దానంతటదే పోనిస్తే లోపలి వేడికి మరో పావుగంట ఉడికి జావైపోతుంది. వాల్వ్ ఒక్కసారే తెరవకుండా, కొద్ది క్షణాలు తెరిచి మూసి, మళ్లీ తెరిస్తే నురగ బయటికి చిమ్మదు. మొహం, చెయ్యి ఆవిరికి దూరంగా పెట్టుకోండి.

విజిల్ కుక్కర్ ఉన్నవాళ్లు మానుకోవాల్సిన పని లేదు. అందులో ప్రెషర్ కాస్త ఎక్కువ, నీళ్లు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. విజిళ్లు లెక్కపెట్టొద్దు, గడియారం చూసుకోండి. ప్రెషర్ రాగానే మంట బాగా తగ్గించి నాలుగైదు నిమిషాలుంచి దించండి. మూత అంచు మీద చన్నీళ్లు పోసి, ప్రెషర్ పూర్తిగా దిగాకే తెరవండి.

మూత తియ్యగానే పైన పల్చటి నీళ్లు తేలుతూ, చూడ్డానికి చెడినట్టే ఉంటుంది. కంగారు పడకండి. కుక్కర్ ఆపేసి, గరిటెతో ఒక నిమిషం బలంగా తిప్పండి. నీళ్లు పాలరంగుకి వచ్చి, చిక్కబడి, గింజల్ని పట్టుకుంటాయి. ఒక గింజ పంటికింద వేసి చూడండి. పైన మెత్తగా, మధ్యలో కొంచెం పలుకు తగలాలి. ఆ తర్వాత ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 40 గ్రాముల వెన్న ముక్కలు వేసి కలపండి. వెన్న చల్లగా ఉండటం ముఖ్యం. మెల్లగా కరుగుతూ ఆ పిండినీళ్లతో కలిసిపోతుంది, నెయ్యిలా పైకి తేలదు. చివరికి పర్మెజాన్. పెద్దావిడ ఈ దశలో కుక్కర్ గిన్నెని బయటికి తీయించి, రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపమంటుంది. రిసొట్టో అలలా కదిలి వెనక్కి పడాలి. కదలకపోతే పక్కన ఉంచిన వేడి స్టాక్ ఒక గరిటె పొయ్యాలి. పళ్లెంలో వడ్డించి అడుగున అరచేత్తో తడితే దానంతటదే పరుచుకోవాలి. కుప్పగా నిలబడిందంటే ఇంకో గరిటె స్టాక్ పడాల్సిందే.

పచ్చిబఠాణీలు, విడిగా వేయించిన పుట్టగొడుగులు కలపాలంటే వెన్నకి ముందు వెయ్యండి. అల్లం, పసుపు, మసాలా వద్దు. మిరియాల పొడి మాత్రం ఎంత కావాలంటే అంత. మిగిలితే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మిలాన్‌వాళ్లు మిగిలిన రిసొట్టోని మర్నాడు పెనం మీద వెన్నలో అట్టులా పల్చగా పరిచి, రెండు వైపులా కరకరలాడేలా కాలుస్తారు. మా పిల్లలకి అసలు రిసొట్టో కంటే అదే ఇష్టం.

ఈ వంటలో చెయ్యి పడాల్సినవి మొదటి పది నిమిషాలు, చివరి మూడు నిమిషాలు. మధ్యలోదంతా వేడి చేసే పని, దాన్ని కుక్కర్‌కి వదిలేస్తే రుచిలో ఏ లోటూ రాదు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజున కూడా ఇంత మంచి అన్నం వండుకోవచ్చని చెప్పడానికే ఇదంతా రాశాను. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. వెన్న కలిపిన రిసొట్టో అయిదు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. అందుకని మూత తియ్యకముందే పళ్లాలు పెట్టి, అందరినీ పిలిచి కూర్చోబెట్టండి.