గాదంకిలో నాలుగెకరాల యాంటెన్నా

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, గాదంకి దగ్గర ఒక మైదానం నిండా లోహపు కడ్డీలు ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024 యాంటెన్నాలు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎం.ఎస్.టి. రాడార్ అది. 1990ల మొదట్లో పనిలోకి వచ్చింది. మీ 5జీ ఫోనుకు మాట చేరవేసే టవర్ కిటుకుకు మూలం ఈ మైదానంలో ముప్ఫయ్యేళ్లుగా కళ్లెదుటే ఉందని మీకు తెలుసా?

అక్కడ ఒక్క యాంటెన్నా కూడా కదలదు. అయినా రాడార్ పుంజం కాసేపు నడినెత్తికి, కాసేపు ఉత్తరానికి, కాసేపు తూర్పుకు మొగ్గుతుంది. ఒక వరుస వదిలిన తరంగం కంటే పక్క వరుస తరంగాన్ని పిసరంత ఆలస్యంగా వదిలితే చాలు, అన్నీ కలిసి బలపడే దిక్కు మారిపోతుంది. చెవితో వినలేం, కంటితో చూడలేం గానీ, నాకు తెలిసిన ఇంజనీరింగ్ పనుల్లో ఇంత అందమైనవి కొన్నే.

కోనేట్లో రెండు చోట్ల ఒకేసారి రాళ్లు వేసి చూడండి. రెండు అలల ఎత్తులు కలిసిన చోట నీరు ఇంకా పైకి లేస్తుంది. ఒకదాని ఎత్తూ ఇంకోదాని పల్లమూ కలిసిన చోట నీరు కదలకుండా ఉంటుంది. గాదంకి రాడార్‌కు ప్రధానంగా కావలసింది అలలు లేచే చోటు. సెల్ టవర్‌కు కదలని చోటు కూడా అంతే ముఖ్యం.

ఎందుకంటే టవర్ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే క్షణంలో పదిమందితో మాట్లాడాలి. రమణకు పంపే మాట లక్ష్మి ఫోను దగ్గర ఎత్తూ పల్లమూ కలిసి చెరిగిపోవాలి, లక్ష్మి మాట రమణ దగ్గర చెరిగిపోవాలి. అందుకే ప్రతి యాంటెన్నా నుంచి ఎవరి మాట ఎంత బలంతో, ఎంత ఆలస్యంతో వెళ్లాలో టవర్ ముందే లెక్కగట్టి, అన్నిటినీ కలిపి వదులుతుంది. ఇలా పంపకముందే సర్దడాన్ని ప్రీకోడింగ్ అంటారు. పక్కవారి మాటను పూర్తిగా సున్నా చేసే పద్ధతి జీరో ఫోర్సింగ్. ఇద్దరూ టవర్‌కు ఒకే దిక్కున భుజాలు రాసుకుంటూ నిలబడితే మాత్రం ఆ సున్నా కోసం టవర్ శక్తి చాలావరకు ఖర్చయిపోతుంది. అప్పుడు కాస్త రొద మిగిలినా ఫర్వాలేదని రాజీపడే పద్ధతి మేలు.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. 1983లో మాక్స్ కోస్టా 'మురికి కాగితం మీద రాత' అన్న పేరుతో పరిశోధన పత్రం వేశాడు. కాగితం మీద మరకలు ఎక్కడున్నాయో రాసేవాడికి ముందే తెలిస్తే చాలు, చదివేవాడికి తెలియకపోయినా తెల్ల కాగితం మీద రాసినంత సమాచారమూ పంపవచ్చని రుజువు చేశాడు. మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు. టవర్‌కు ఆ మరకలు పక్కవారికి పంపే మాటలే. వాటిని పంపేది తనే కాబట్టి ముందే తెలుసు.

గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైనే. అందుకే దాని యాంటెన్నాలు 130 మీటర్ల చదరంలో, నాలుగెకరాల పైచిలుకు పరుచుకున్నాయి. మన 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో తరంగం ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. ఆ కొలతకు కుదిస్తే గాదంకి మైదానం మొత్తం రెండు మీటర్ల చదరంలో, ఒక పెద్ద దుప్పటిలో పట్టేస్తుంది. టవర్ మీద 64 యాంటెన్నా దారులున్న పలకను ఇద్దరు ముగ్గురు మోసుకెళ్లి బిగించగలుగుతున్నది అందుకే.

చిన్న తరంగానికి ఒక చిక్కుంది. ఏ ఫోనుకు తరంగం ఏ దారిన చేరుతోందో తెలుసుకోడానికి టవర్‌కు ఫోనే ముందు ఒక గుర్తు సంకేతం పంపాలి. ఫోను సగం తరంగం దూరం, అంటే నాలుగు సెంటీమీటర్లు జరిగితే ఆ లెక్క పాతబడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు అంత దూరం దాటడానికి సెకనులో సుమారు 250వ వంతు చాలు. బస్సు తర్వాతి మలుపు తిరిగేలోగా టవర్ తన లెక్కను ఎన్నో వందలసార్లు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.